గోత్రం, మేనరికం, మధ్యలో క్రాసింగ్ ఓవర్

"సగోత్రం పెళ్ళిళ్ళు ఎందుకు కూడదో మన ఋషులు వేల ఏళ్ళ క్రితమే చెప్పారు, సైన్సు ఇప్పుడు కనుక్కుంది" అని మొదలయ్యే మెసేజి ఒకటి ఉంది. ఒకప్పుడు ఈమెయిల్ ఫార్వర్డుగా తిరిగేది, ఇప్పుడు వాట్సాపులో తిరుగుతోంది. మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. సారాంశం ఇదీ: వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. గోత్రం కూడా అంతే. కాబట్టి గోత్రం అంటే వై క్రోమోజోమ్. మిగతా క్రోమోజోములు జంటలుగా ఉండి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. వైకి జంట లేదు, అందుకని అది తరతరానికీ బలహీనపడుతోంది. ఒకే గోత్రం వాళ్ళు పెళ్ళి చేసుకుంటే ఇంకా బలహీనపడుతుంది. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, "కనీసం పదిమందికి పంపండి" అనే విన్నపం.

ఇది పూర్తి అబద్ధమైతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. సగం నిజం కావడమే చిక్కు. మన ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా, అస్సలు పనిచేయని కోడ్ కన్నా తొంభై శాతం పనిచేసే కోడే ఎక్కువ ఏడిపిస్తుంది.

నాకెందుకింత పట్టింపు అంటే, ఈ మెసేజి ఈ ఏడాది నా పెళ్ళికి అడ్డం పడింది. నేనూ, వేరే టీములో పనిచేసే ఒకమ్మాయీ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. వాళ్ళది విజయనగరం వైపు, మాది నెల్లూరు వైపు. నాలుగు తరాలు వెనక్కి వెళ్ళినా ఇరువైపులా ఒక్క బంధువు కలవలేదు. కులం అడ్డం రాలేదు, చదువు, ఉద్యోగం ఏదీ అడ్డం రాలేదు. చివర్లో గోత్రం అడిగారు. ఇద్దరిదీ ఒకటే. నాన్న ఏమీ అనకుండా ఆ మెసేజి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆచారం అని చెబితే నేను వాదిస్తానని ఆయనకి తెలుసు. అందుకని సైన్సు పెట్టారు.

అదే వారంలో అమ్మ ఇంకో మాట అంది. "మామయ్య కూతురు ఉంది కదరా, బీటెక్ అయిపోయింది, ఇంట్లో పిల్ల, ఎందుకీ గొడవలన్నీ?"

అంటే నాలుగు తరాలుగా ఏ బంధుత్వమూ కనబడని అమ్మాయిని జన్యుశాస్త్రం ప్రకారం చేసుకోకూడదు, మా అమ్మ తోడబుట్టినవాడి కూతుర్ని చేసుకోవచ్చు. ఇక్కడ నాకు తిక్క రేగింది. ఇంటర్లో ఎంపీసీ కాబట్టి పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోలేదు. ఈ రెండు నెలల్లో ముట్టుకున్నాను. ఈ గొడవకంతా మూలం ఒకే విషయం: లింకేజి, క్రాసింగ్ ఓవర్. తెలుగు మీడియం బైపీసీ వాళ్ళు సహలగ్నత, వినిమయం అని చదువుకుని ఉంటారు. మన ఐటీ జనాలకి అర్థమయ్యే భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనందరికీ గుర్తున్న మెండెల్ బఠాణీల పాఠం ప్రకారం ఒక లక్షణానికీ ఇంకో లక్షణానికీ సంబంధం ఉండదు. రంగు ఒక బొమ్మబొరుసు, ఆకారం ఇంకో బొమ్మబొరుసు. 1905లో ఇంగ్లండులో బేట్సన్, పన్నెట్ వగైరాలు స్వీట్ పీ మొక్కల మీద ప్రయోగాలు చేస్తుంటే ఈ లెక్క తప్పింది. ఊదారంగు పువ్వు, పొడుగు పుప్పొడి రేణువు రావాల్సిన దానికన్నా చాలా ఎక్కువసార్లు కలిసి వస్తున్నాయి. పోనీ ఎప్పుడూ కలిసే వస్తాయా అంటే అదీ కాదు, అప్పుడప్పుడూ విడిపోతున్నాయి. ఎందుకో వాళ్ళు సరిగ్గా చెప్పలేకపోయారు.

చెప్పింది న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీలో ఈగలు పెంచుకునే థామస్ హంట్ మోర్గాన్. అరటిపళ్ళ మీద ముసిరే చిన్న చిన్న ఈగలు. 1910లో ఆయన సీసాల్లో ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒక తెల్లకన్ను మగ ఈగ కనబడింది. అక్కడినుంచి లాగితే డొంకంతా కదిలింది. జన్యువులు గాల్లో ఉండవు, క్రోమోజోమ్ అనే దారం మీద వరుసగా ఉంటాయి. ఒకే దారం మీద ఉన్నవి కలిసి ప్రయాణిస్తాయి. ఇదే లింకేజి. అయితే అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జంట దారాలు రెండూ పక్కపక్కన చేరి, ఒకే చోట తెగి, అటుది ఇటు ఇటుది అటు అతుక్కుంటాయి. ఇదే క్రాసింగ్ ఓవర్. దారం మీద రెండు జన్యువులు ఎంత దూరంగా ఉంటే వాటి మధ్య కోత పడే అవకాశం అంత ఎక్కువ.

మోర్గాన్ దగ్గర స్టర్టెవాంట్ అని డిగ్రీ కుర్రాడొకడు ఉండేవాడు. 1911లో ఈ దూరం ముక్క వినగానే ఆ రోజు హోంవర్కు పక్కనపడేసి, ఈగల లెక్కలు ఇంటికి పట్టుకెళ్ళి, రాత్రికి రాత్రి ప్రపంచంలో మొదటి జన్యు పటం గీశాడు. 1913లో ఆరు లక్షణాలతో అచ్చయింది. పసుపు ఒళ్ళు, తెల్ల కన్ను నూటికి ఒకసారి మాత్రమే విడిపోతున్నాయి కాబట్టి దగ్గరి ఇరుగుపొరుగు. తెల్ల కన్ను, పొట్టి రెక్క ఇంచుమించు మూడో వంతు సార్లు విడిపోతున్నాయి కాబట్టి దూరం. మైక్రోస్కోపులో జన్యువుని చూడకుండానే, కేవలం ఎవరు ఎవరితో ఎన్నిసార్లు విడిపోయారో లెక్కపెట్టి అడ్రసులు కనిపెట్టాడు. డీఎన్ఏ ఆకారం తెలియడానికి నలభై ఏళ్ళ ముందు! మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ చూడకుండా లాగులు చూసి ఆర్కిటెక్చర్ గీసినట్టు.

ఇప్పుడు మనుషుల సంగతి. మా అమ్మలో 13వ క్రోమోజోమ్ ఫైళ్ళు రెండున్నాయి అనుకోండి. ఒకటి తాతయ్య ఇచ్చింది, ఒకటి అమ్మమ్మ ఇచ్చింది. నాకు రెండింట్లో ఒకటి యథాతథంగా కాపీ చేసి ఇవ్వదు. మొదటి నుంచి ఒక లైను వరకూ తాతయ్య ఫైలు, అక్కడినుంచి చివరిదాకా అమ్మమ్మ ఫైలు, ఇలా కలిపి ఒక కొత్త ఫైలు చేసి ఇస్తుంది. ఒక్కో ఫంక్షన్ ఏరి మెర్జ్ చేయడం కాదు, పెద్ద పెద్ద బ్లాకులు. ఒక అండంలో మొత్తం 22 క్రోమోజోముల మీదా కలిపి ఇలాంటి కోతలు సుమారు 40, వీర్యకణంలో సుమారు 26. సగటున 33 అనుకుందాం.

ఈ 33తో ఒక చిన్న లెక్క చేద్దాం. అమ్మ నాకిచ్చింది 22 ముక్కలు. ఇంకో తరం వెనక్కి వెళ్తే తాతయ్య, అమ్మమ్మల మధ్య అవి 22+33, అంటే 55 ముక్కలు. ప్రతి తరానికీ ఇంకో 33 కోతలు కలుస్తాయి. పదో తరానికి చేరేసరికి 22+9×33, అంటే 319 ముక్కలు. కానీ ఆ పదో తరంలో అమ్మ వైపే నాకున్న పూర్వీకుల స్థానాలు 512. ఐదువందల పన్నెండు మందికి మూడువందల పందొమ్మిది ముక్కలు! అందులోనూ కొందరికి రెండు మూడు దక్కుతాయి కాబట్టి సగం మందికి పైగా అసలేమీ దక్కదు. వాళ్ళు నా వంశవృక్షంలో ఉంటారు, నా డీఎన్ఏలో ఉండరు. నమ్మకం కుదరక ఒక ఆదివారం పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసి నడిపాను, ఇంచుమించు అదే వచ్చింది. పూర్వీకులు రెట్టింపు అవుతూ పోతారు, ముక్కలు మాత్రం కూడికలోనే పెరుగుతాయి. పదో తరానికే ఇలా ఉంటే గోత్రానికి మూలపురుషుడైన ఋషి దగ్గరికి వెళ్ళేసరికి, ఆ ఒక్క తండ్రుల వరుస గుండా ఈ 22 క్రోమోజోముల్లో ఏదైనా మిగిలే అవకాశం దాదాపు సున్నా.

దీనికి మినహాయింపు వై. ఇక్కడే ఆ మెసేజి సగం నిజం. మగవాళ్ళలో ఎక్స్, వై సమానమైన జంట కాదు. చివర్లలో కొంచెం భాగం తప్ప మిగతాది క్రాసింగ్ ఓవర్ చేసుకోదు. కాబట్టి వై మీదున్నదంతా ఒకే బ్లాకుగా, విడదీయరాని లింకేజితో, తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. అక్కడక్కడా అక్షరదోషాలు చేరతాయి తప్ప కోతలు పడవు. ఇంటిపేరు లాగా, గోత్రం లాగా. ఈ పోలిక చూసినవాడు తెలివైనవాడే, కాదనను.

అయితే ఆ వై ఎంత? 2023లో మొట్టమొదటిసారి ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా చదివారు. దాదాపు 6.2 కోట్ల అక్షరాలు. మనిషికి ఒక సెట్టు డీఎన్ఏ సుమారు 310 కోట్ల అక్షరాలు. అంటే మొత్తంలో రెండు శాతం.

పోనీ రెండు శాతమే ముఖ్యం అనుకుందాం. ఇప్పుడు అసలు ప్రశ్న. నేను చేసుకోబోయే అమ్మాయిలో వై ఎక్కడుంది?

లేదు కదా! ఆమె గోత్రం వాళ్ళ నాన్న గోత్రం. వాళ్ళ నాన్న వై ఆమెకి రాలేదు, రాకపోబట్టే ఆమె అమ్మాయి. మెసేజి లెక్క ప్రకారం చూస్తే అమ్మాయి గోత్రం అంటే ఆ అమ్మాయిలో లేని క్రోమోజోమ్ పేరు. నేను ఏ గోత్రం అమ్మాయిని చేసుకున్నా, నా కొడుక్కి వెళ్ళేది నా వై మాత్రమే. సగోత్రం చేసుకుంటే అది బలహీనపడదు, వేరే గోత్రం చేసుకుంటే బలపడదు. ఆ ఫంక్షన్ అసలు ఆ పారామీటరు తీసుకోదు.

వై తరతరానికీ చిక్కిపోతోందన్న మాటకి కూడా ఒక ఆధారం ఉంది. కోట్ల ఏళ్ళలో అది చాలా జన్యువులు పోగొట్టుకున్న మాట నిజమే. కానీ 2012లో మనిషి వైని రీసస్ కోతి వైతో పోల్చి చూశారు. మనకీ ఆ కోతులకీ దారులు వేరై రెండున్నర కోట్ల ఏళ్ళు అయింది. ఇంతకాలంలో పాత జన్యువుల్లో మన వైపు పోయింది ఒక్కటే ఒక్కటి. కాబట్టి ముహూర్తాలు పెట్టుకునేలోపు అరిగిపోతుందని బెంగ అక్కర్లేదు :)

ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పాను. లెక్కల మాస్టారు కదా, మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. 319, 512 దగ్గర "ఆగు, మళ్ళీ చెప్పు" అని కాగితం తెచ్చుకుని వేసుకున్నారు. అమ్మాయిలో వై ఉండదు అన్న దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయినా గోత్రం గోత్రమే కదరా" అన్నారు.

అప్పుడు ముత్తాత సంగతి ఎత్తాను. మా నాన్న తాతగారు దత్తత వచ్చినాయన. ఆయన పుట్టిన ఇంటి గోత్రం వేరు. గోత్రం అంటే వై అయితే ఆయన వై పుట్టింటిది, అది తాతకి, నాన్నకి, నాకు వచ్చింది. అంటే ఆ మెసేజి ప్రకారం మేము నాలుగు తరాలుగా పూజలో తప్పు గోత్రం చెప్పుకుంటున్నాం. నాకూ ఆ అమ్మాయికీ గోత్రాలు వేరే అయిపోతాయి, పెళ్ళికి అడ్డే లేదు!

నాన్నకి కోపం వచ్చింది. "అదెలా కుదురుతుందిరా? దత్తహోమం చేశాక గోత్రం మారుతుంది" అన్నారు.

నాకు కావలసిన మాట అదే. దత్తతతో గోత్రం మారుతుంది, డీఎన్ఏ మారదు. కన్యాదానంతో అమ్మాయి గోత్రం మారుతుంది, డీఎన్ఏ మారదు. మంత్రంతో, సంకల్పంతో మారేది ఏదైతే ఉందో అది ఒక సామాజిక బంధం. దానికి దాని విలువ ఉంది. దత్తత వచ్చిన మనిషిని సొంత వంశం వాడిగా లెక్కపెట్టుకోవడం గొప్ప విషయం అని నేననుకుంటాను. దాన్ని తీసుకెళ్ళి ఒక క్రోమోజోముకి కట్టేస్తే మా ముత్తాత ఈ ఇంటివాడు కాకుండా పోతాడు. సైన్సు పేరు చెప్పి ఆచారాన్ని పొగుడుతున్నామనుకుంటున్నాం గానీ నిజానికి దాన్ని చిన్నబుచ్చుతున్నాం.

ఇంక రెండో వైపుకి వద్దాం, మేనరికం.

మా పిన్నిని తన మేనత్త కొడుక్కిచ్చి చేశారు. వాళ్ళ పెద్దబ్బాయి, నాకు తమ్ముడు, పుట్టుకతోనే వినబడదు. వాడికిప్పుడు పందొమ్మిదేళ్ళు. క్యారమ్స్‌లో నన్ను ఇంతవరకూ గెలవనివ్వలేదు, చాటింగులో నాకన్నా మంచి జోకులు వేస్తాడు. వాడి జీవితం ఏదో విషాదం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ వాడు పుట్టినప్పటినుంచీ మా పిన్ని విన్న మాటలు నాకు గుర్తున్నాయి. గ్రహణం రోజున బయటికొచ్చిందనీ, కడుపుతో ఉండగా ఏదో మందు మింగిందనీ. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు ఒక డాక్టరుగారు జన్యు పరీక్ష రాశారు. 13వ క్రోమోజోమ్ మీద ఒక జన్యువులో, రెండు కాపీల్లోనూ ఒకే మార్పు. పుట్టుకతో వచ్చే వినికిడి లోపాల్లో ప్రపంచమంతటా తరచుగా కనబడే జన్యువుల్లో అదొకటి. ఒక్క కాపీలో మార్పు ఉంటే ఏమీ కాదు, రెండింటిలోనూ ఉంటేనే.

రెండూ ఎక్కడినుంచి వచ్చాయి? పిన్ని తండ్రి మా తాతయ్య. బాబాయి తల్లి ఆ తాతయ్య చెల్లెలు. ఆ అన్నాచెల్లెళ్ళిద్దరికీ తమ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి 13వ క్రోమోజోమ్‌లో ఒకే ముక్క వచ్చింది. ఒక దారిలో పిన్నికి, ఇంకో దారిలో బాబాయికి చేరింది. తమ్ముడి దగ్గర ఆ రెండు దారులూ మళ్ళీ కలిశాయి. ఇలాంటి పిల్లల్లో జన్యువు చుట్టూ ఉన్న పెద్ద భాగం రెండు వైపులా అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటుంది. ఎందుకంటే మధ్యలో గడిచిన తరాలు తక్కువ, క్రాసింగ్ ఓవర్‌కి ముక్కలు చేసే టైం చాల్లేదు. 1987లో ల్యాండర్, బోట్‌స్టీన్ అనే ఇద్దరు సరిగ్గా ఈ సంగతినే పనిముట్టుగా మార్చారు. దగ్గరి బంధువులకి పుట్టిన పిల్లల్లో రెండు వైపులా ఒకేలా ఉన్న పొడుగాటి ముక్కలు వెతికితే, జబ్బు జన్యువు అడ్రసు అక్కడే దొరుకుతుందని చూపించారు. స్టర్టెవాంట్ ఈగల లెక్కకి ఇది మనవడన్నమాట.

మామూలుగా మేనరికంలో భార్యాభర్తలకి డీఎన్ఏలో సగటున 1/8 వంతు ఉమ్మడి. వాళ్ళ పిల్లల్లో 1/16 వంతు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడివి. అక్క కూతుర్ని చేసుకుంటే ఈ అంకెలు రెండూ రెట్టింపవుతాయి. ఏ పెళ్ళిలోనైనా పిల్లల్లో పుట్టుకతో పెద్ద సమస్యలు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. మేనరికంలో అది సుమారు రెట్టింపు. అంటే నూటికి తొంభైకి పైగా బాగానే ఉంటారు. మేనరికం చేసుకున్న వాళ్ళందరూ నేరం చేసినట్టు మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. మన అమ్మమ్మలు, తాతయ్యల్లో ఎంతమంది అలా చేసుకున్నవాళ్ళు కాదు?

కానీ మా ఇంట్లో లెక్క సగటు లెక్క కాదు. పిన్నికి ఆ ముక్క తాతయ్య ద్వారానే వచ్చింది. అంటే తాతయ్యలో అది ఉంది. అమ్మకి వచ్చి ఉండే అవకాశం సగం, నాకు పావు. మామయ్యకి సగం, మరదలికి పావు. ఇద్దరిలోనూ ఉండే అవకాశం పదహారులో ఒకటి, బిడ్డకి రెండు కాపీలూ చేరే అవకాశం అరవైనాలుగులో ఒకటి. అమ్మమ్మ వైపునుంచి కలిసే మిగతా వాటి లెక్క వేరే. ఇదంతా "ఇంట్లో పిల్ల" అనే ఒక్క మాట కింద దాగుంది.

ఇంకో విషయం గమనించారా? పెదనాన్న కూతురితో నాకు ఉమ్మడి 1/8. పెద్దమ్మ కూతురితో 1/8. మామయ్య కూతురితో 1/8. మేనత్త కూతురితో 1/8. మొదటి ఇద్దరూ అక్కచెల్లెళ్ళు, ఆ మాట ఎత్తితేనే చెంప పగులుతుంది. తర్వాతి ఇద్దరూ మరదళ్ళు, ఫంక్షన్లలో పక్కన కూర్చోబెట్టి ఆటపట్టిస్తారు. క్రోమోజోముకి వరసలు తెలియవు. వరసలు మనవి.

న్యాయంగా చెప్పాలంటే గోత్ర నియమం వల్ల ఒక మేలు ఉంది. పెదనాన్న, బాబాయిల పిల్లల మధ్య పెళ్ళిళ్ళని అది ఆపుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే గోత్రం వాళ్ళు నిజంగానే రెండు మూడు తరాల దాయాదులైతే అక్కడా పనికొస్తుంది. ఒక ఎర్రర్ చెక్ అన్నమాట. కానీ ఆ చెక్ ఒక్క వైపే చూస్తుంది. తల్లి వైపు గేటు బార్లా తెరిచే ఉంటుంది. పైగా దూరం పట్టించుకోదు, రెండు తరాల దాయాదినీ రెండు వేల ఏళ్ళ దాయాదినీ ఒకే గాటన కడుతుంది. క్రాసింగ్ ఓవర్ మాత్రం దూరాన్నే లెక్కపెడుతుంది.

అసలు గోత్రం కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డు చెయ్యరు. 2017లో హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళూ, హార్వర్డు వాళ్ళూ కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్ఏ చూశారు. ఒకే సమూహంలో, బంధువులు కాని ఇద్దరి మధ్య ఉమ్మడిగా ఉన్న పొడుగాటి ముక్కలు కొలిచారు. 81 సమూహాల్లో ఆ ఉమ్మడితనం ఫిన్లాండు వాళ్ళకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఎక్కువగా తేలింది. ఆ రెండు సమాజాలూ ఇలాంటి జబ్బుల అధ్యయనానికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణలు. వందల ఏళ్ళుగా కులం బయట పెళ్ళిళ్ళు లేకపోవడమే ఇందుకు కారణం. కొద్దిమందితో మొదలై, అందులోనే ఇచ్చిపుచ్చుకుంటూ పోతే ఎన్ని కోతలు పడినా అవే ముక్కలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఉదాహరణకి మన ఆంధ్ర వైశ్యుల్లో ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికిచ్చే ఒక మందు త్వరగా దిగని లోపం, మిగతావాళ్ళలో కన్నా సుమారు వందరెట్లు ఎక్కువగా కనబడుతుంది. గోత్రాలు ఎంతో నిష్ఠగా పాటించే సమాజం అది. ఇందులో ఎవరి తప్పూ లేదు, తెలిస్తే మత్తు డాక్టరుకి ముందే చెప్పుకోవచ్చు. కానీ గోత్రాలు వేరుగా చూసుకున్నంత మాత్రాన జన్యువులు వేరైపోవు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నాకూ ఆ అమ్మాయికీ కులం ఒకటే అని పైన చెప్పాను కదా. కాబట్టి ఈ పాయింటు మాకూ వర్తిస్తుంది, నాకనుకూలంగా ఉన్నవే చెప్పి ఊరుకుంటే బాగోదు. అందుకే ఇద్దరం జన్యు సలహా కోసం ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తమ్ముడి రిపోర్టు చూపించాం. ఇద్దరికీ ఆ జన్యువు పరీక్ష, థలసీమియా పరీక్ష రాశారు. నాలో ఒక కాపీలో మార్పు ఉంది. తనలో లేదు. థలసీమియా ఇద్దరికీ లేదు. మొత్తం ఖర్చు పెళ్ళి కార్డుల ఖర్చు కన్నా తక్కువే అవుతుంది. మరదలికీ ఆ పరీక్ష చేయించమని మామయ్యకి చెప్పాను, ఎవరిని చేసుకున్నా పనికొస్తుందని. మొదట నొచ్చుకున్నాడు గానీ చేయించాడు. ఫలితం వాళ్ళ ఇంటి విషయం, ఇక్కడ రాయను.

ఇక చట్టం సంగతి. సగోత్ర వివాహం చెల్లుతుందని 1946లోనే చట్టం చేశారు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిని నిషేధించి, ఆచారం ఉన్నచోట మాత్రం మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలు చెల్లేది ఆ మినహాయింపు వల్లే. మనకి ఏ బెదురూ లేని పెళ్ళికి చట్టం మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది, మనం బెదిరిపోయే పెళ్ళికి ఏ మినహాయింపూ అక్కర్లేదు.

పెద్దవాళ్ళతో నేననేది ఒకటే. సగోత్రం వద్దనుకుంటే "మాకిది ఆచారం, మనసొప్పదు" అని చెప్పండి. అది నిజాయితీ అయిన మాట, దానితో కూర్చుని మాట్లాడొచ్చు. మనసుని ఒప్పించొచ్చు, లేదా ఒప్పించలేక బాధపడొచ్చు. కానీ దాని మీద సైన్సు స్టిక్కరు అతికించకండి. స్టిక్కరుతో మాట్లాడలేం. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, గోత్రం చూశాం కాబట్టి జన్యువులు చూసేశాం అనే ధీమా వచ్చేస్తుంది. ఆ ధీమాతోనే పిన్ని పెళ్ళి జరిగింది. గోత్రాలు వేరే, జాతకాలు కలిశాయి, ఒకే ముత్తాత ముక్క రెండు వైపులా ఉందన్న సంగతి ఎవరూ అడగలేదు. తర్వాత పద్నాలుగేళ్ళు గ్రహణాన్నీ, పిన్నినీ అన్నారు.

తమ్ముడి రిపోర్టు వచ్చాక నాన్నమ్మ వరసావిడ ఒకరు పిన్నితో "పోనీలే, నీ వల్ల కాదన్నమాట" అన్నారట. పిన్ని ఆ రోజు రాత్రి ఆ కాగితం జిరాక్సు తీయించి బీరువాలో పెట్టుకుంది, ఒరిజినల్ పోతుందేమోనని. సైన్సు మా ఇంటికి చేసిన మేలు ఏదైనా ఉందంటే అదే. నాన్న ఇంకా ఔననలేదు, కాదనడం మాత్రం మానేశారు. పోయిన వారం ఫోన్ చేసి 22+9×33లో ఆ 33 సగటా, కచ్చితమా అని అడిగారు. సగటే అన్నాను. "మరి నీ లెక్కలో తేడా ఎంతొస్తుంది?" అన్నారు. అది స్క్రిప్టులో చూసి చెప్తానన్నాను.